ఖాళీ బిందె పాఠం

పలాస బస్టాండు దగ్గర ఏ పుస్తకాల కొట్టుకు వెళ్ళినా పదో తరగతి ఇంగ్లీషు గైడు దొరుకుతుంది. దాని చివర సామెతల పేజీలుంటాయి. ఎడమవైపు ఇంగ్లీషు సామెత, కుడివైపు తెలుగు సామెత, పెళ్ళిచూపుల్లో కూర్చోబెట్టినట్టు ఎదురెదురుగా. ఆ జతలు ఎవరు కుదిర్చారో, ఏ జాతకాలు చూసి కుదిర్చారో తెలియదు. నేను ఉద్యోగంలో చేరినప్పటినుంచి చూస్తున్నాను, ఒక్క సంబంధమూ చెడలేదు. పిల్లలు వాటిని బట్టీ పడతారు, పరీక్షలో దించుతారు, మార్కులు తెచ్చుకుంటారు, ఆనక మరిచిపోతారు. ఈ ఏర్పాటు మీద పిల్లలకి ఫిర్యాదు లేదు, తల్లిదండ్రులకి లేదు, మా హెడ్మాస్టరుకి అసలే లేదు. నాకొక్కదానికే ఉండేది.

ఉండేది. ఇప్పుడు లేదు. అదెలా పోయిందో చెబుతాను.

మా బడి ఉద్దానంలో ఉంది. గాలి ఇటు తిరిగిన రోజున తరగతి గదిలోకి సముద్రం హోరు వినిపిస్తుంది. నేను ఉండేది పలాసలో. పొద్దున్నే చీరకు పట్టిన జీడిపిక్కల పొగ వాసనతో బస్సెక్కి, కొబ్బరితోటల మధ్య దిగి, ఇసుకలో చెప్పులు ఈడ్చుకుంటూ బడికి చేరతాను. ఆ దారిలో చేపల బుట్ట దించిన ముసలమ్మ దగ్గర ఎవరైనా బేరమాడితే చాలు, ఆవిడ నోట వరసగా సామెతలు రాలతాయి. ఒకటి చేప గురించి, ఒకటి కొనేవాడి గురించి, మిగతావి వాడి వంశం గురించి. అలాంటి ముసలమ్మల మనవలే నా తరగతిలో కూర్చుంటారు. సామెతలు తీయండర్రా అంటే గైడు తెరుస్తారు. ఇంట్లో కత్తుల్లాంటి మాటలు పెట్టుకుని బడికొచ్చి అట్టకత్తులు తిప్పుతారు. నాకు ఒళ్ళు మండేది.

ఒళ్ళు మండితే ఊరుకునే మనిషిని కాను. మా ఇంట్లో వాళ్ళనడిగినా, మా స్టాఫ్‌రూములో అడిగినా, ఆ మాట ఒప్పుకుంటారు.

ఆ ఏడు పదో తరగతిలో ఒక పిల్ల ఉండేది. సన్నగా, పొడుగ్గా, రెండు జడల్లో ఒకటి ఎప్పుడూ ఊడిపోతూ. చెయ్యెత్తకుండానే మాట్లాడేది. ఈ ప్రాంతంలో చాలా ఇళ్ళలో జరిగినట్టే వాళ్ళింట్లోనూ జరిగింది: కిడ్నీల జబ్బుతో తండ్రి పోయాడు. తల్లీ కూతురూ పెదనాన్న ఇంటి వెనక వాటాలో ఉండేవారు. పది గట్టెక్కి టెక్కలిలో ఇంటర్లో చేరాలని, ఆ తరవాత నాలాగే ఇంగ్లీషు టీచరు కావాలని ఆ పిల్ల కోరిక. "నాలాగా ఎందుకే, ఇంకేదైనా మంచి పని చూసుకో" అంటే, "మీరు రోజూ ఎవులితోనో ఒకలితో దెబ్బలాడతారు కదండీ, దానికి జీతం కూడా ఇత్తారు" అంది. ఆ కోరిక తీరడమంతా పెదనాన్న చేతిలో ఉందని దానికి తెలుసు, నాకూ తెలుసు.

ఒకరోజు ఆ పిల్లే గైడులోంచి చదివింది: "‘ఎంప్టీ వెసల్స్ మేక్ ద మోస్ట్ నాయిజ్’. నిండుకుండ తొణకదు."

"ఆగు. రెండూ ఒకటేనా?" అన్నాను.

"ఒకటే మేడం. పక్క పక్కనే ఉన్నాయి."

"పక్క పక్కనే ఉంటే ఒకటైపోతాయా? నువ్వూ నీ పక్కదీ ఒకటేనా?"

పక్కనున్న పిల్ల నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. నేను మధ్యాహ్న భోజనం వండే షెడ్డుకి వెళ్ళి రెండు స్టీలు బిందెలు తెచ్చాను. ఒకదాంట్లో నీళ్ళు నింపించాను. వంటామె వెనకాలే పరిగెత్తుకొచ్చింది. "ఒలమ్మో టీచరమ్మా, నా బిందెలు సొట్టపడిపోతే ఎవులిత్తారు? సదువు సెప్పుకోండి గానీ బిందెలతోటి ఏటి పని మీకు?" అని గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. ఆ పిల్ల చేతికి గరిటె ఇచ్చి కొట్టమన్నాను. నీళ్ళ బిందె గొంతులో మాట ఇరుక్కున్నట్టు మూలిగింది. ఖాళీ బిందె పక్క తరగతి వాళ్ళు కూడా తొంగి చూసేలా టంగుమంది.

"ఇప్పుడు చెప్పు, రెండు సామెతలూ ఒకటేనా?"

ఆ పిల్ల గరిటెతో రెండూ ఇంకోసారి తట్టి చూసింది. "కాదు మేడం. తెలుగోలు నిండుకుండని పొగుడుతన్నారు. ఇంగిలీసోలు ఖాళీకుండని తిడతన్నారు."

"అయితే?"

"పొగిడితే అందరూ అది నన్నే అనుకుంటారు. తిడితే పక్కోడిని అనుకుంటారు."

నేను చదువుకున్న కాలేజీలో అనువాదం పేపరు చెప్పిన లెక్చరర్లు ఎవరూ ఇంతకంటే బాగా చెప్పలేదు. ఆ ఊపులో తరగతికంతా ఒక హోంవర్కు ఇచ్చాను. రాసేది కాదు. "ఆదివారం లోపల ప్రతివాళ్ళూ ఒక ఇంగ్లీషు సామెతని బయట వాడాలి. నిజంగా అవసరమైన చోట, నిజమైన మనిషితో. అవతలి వాళ్ళకి అర్థం కాకపోతే తెలుగులో చెప్పాలి. గైడులో తెలుగు కాదు, అసలు అర్థం. సోమవారం ఏం జరిగిందో నాకు చెప్పాలి. సామెతకు అర్థం పుస్తకంలో ఉండదర్రా, చోటులో ఉంటుంది" అన్నాను.

ఈ చివరి మాట నాకు బాగా నచ్చింది. బోర్డు మీద కూడా రాశాను.

సోమవారం వచ్చింది. ఒకడు "స్లో అండ్ స్టడీ విన్స్ ద రేస్" అని ఆటో డ్రైవరుతో అంటే, అంత నిదానం కావాలంటే నడిచి పోరా అని మధ్యలో దించేశాడట. ఇంకొకత్తె పొద్దెక్కినా లేవని అన్నయ్య చెవిలో "ఎర్లీ టు బెడ్" అనేది మొత్తం అరిచి తన్నులు తింది. తరగతి పడీ పడీ నవ్వుతోంది. అప్పుడు ఆ పిల్ల లేచింది.

ఇక్కడ మా వైపు మర్యాద ఒకటి చెప్పాలి. ఇంటికి చుట్టాలొస్తే టీ ఇస్తాం, జీడిపప్పు పెడతాం, తరవాత ఇంగ్లీషు చదివే పిల్లని పిలిచి నిలబెడతాం. "ఏదే, ఇంగిలీసుల ఒక ముక్క సెప్పు" అంటాం. ఆ పిల్ల ఏదో ఒకటి అంటుంది. ఏమందో ఎవరికీ అక్కర్లేదు. అందరూ తలలూపుతారు, ఇంటి పెద్ద మీసం తడుముకుంటాడు. పాట పాడించినట్టే ఇదీ. పాటకైతే కనీసం రాగం బాగుందా లేదా చూస్తారు.

ఆ పిల్ల పెదనాన్న ఊళ్ళో పెద్దమనిషి. కొబ్బరితోట, జీడితోట ఉన్నాయి. టెక్కలి నుంచి ఏ పార్టీ వాళ్ళొచ్చినా ఆయన అరుగు మీదే కూర్చుంటారు. ఆ ఆదివారం కూడా అలాగే కూర్చున్నారట. మూలపేట పోర్టులో ఇంటికో ఉద్యోగం వేయిస్తానని, పెద్దవాళ్ళతో మాట్లాడేశానని, తాను ఒక్క ఫోను కొడితే చాలని ఆయన చెబుతున్నాడు. పిల్ల టీ గ్లాసులు పట్టుకొచ్చింది.

"ఇది మా తమ్ముడి కూతురు. ఇంగిలీసంటే నీలు తాగినట్టే దీనికి" అని ఆయన పరిచయం చేశాడు. "ఒలే, ఒక ముక్క సెప్పు, ఇంటారు."

"ఎంప్టీ వెసల్స్ మేక్ ద మోస్ట్ నాయిజ్" అంది పిల్ల.

అందరూ తలలూపారు. ఆయన మీసం తడుముకున్నాడు. అంతటితో అయిపోవలసింది. కానీ వచ్చిన వాళ్ళలో ఒకాయన, "బాగున్నాదే అమ్మా, అంటే ఏటి? మాకూ సెప్పు" అన్నాడు.

గైడు ప్రకారం "నిండుకుండ తొణకదు" అంటే పోయేది. పెదనాన్న పొంగిపోయేవాడు, బహుశా టెక్కలిలో ఇంటర్ సీటు కూడా ఆ పూటే ఖాయం చేసేవాడు. కానీ నేను అసలు అర్థం చెప్పమన్నాను కదా.

"ఖాళీ బిందెకే సప్పుడు ఎక్కువండీ" అంది పిల్ల.

తరగతిలో ఆ పిల్ల ఇదంతా నవ్వకుండా చెప్పింది. తరవాత ఏమైందే అని అడిగాను. "టెక్కలోలు నవ్వినారండి. పెదనాన్నా నవ్వినాడు, ఆలకంటే లేటుగా" అంది. కావాలని అన్నావా అని అడిగాను. "మీరే కదండీ నిజంగా అవసరమైన చోట అన్నారు" అంది. ఆ మాటకి తరగతి మొత్తం బల్లలు బాదింది. నేనూ నవ్వాను. అందరికంటే ఎక్కువ నవ్వాను. ఆ నవ్వుకి ఇప్పటికీ విచారించను. ఉద్యోగంలో చేరాక ఒక సామెత ప్రాణంతో లేచి నడవడం నేను చూసింది అప్పుడే.

అది నడిచి ఎక్కడికి పోయిందన్నది వేరే మాట. సాయంత్రానికి పిల్లలంతా ఇంటింటికీ దాన్ని మోసుకుపోయారు. మా ఊళ్ళలో తాగేనీళ్ళ కొళాయి దగ్గర పొద్దున్నే బిందెలు బారులు తీరి ఉంటాయి. నీళ్ళు రావడానికి ముందు అన్నీ ఖాళీవే. మర్నాడు పెదనాన్న మోటారు సైకిలు ఆ పక్కనుంచి వెళుతుంటే ఎవరో ఒక బిందె మీద వేలితో కొట్టారు. టంగ్. ఎవరో తెలియలేదు. అందరూ కొళాయి వైపే చూస్తున్నారు. ఆ మర్నాడు రెండు మూడు బిందెలు మోగాయి. వారం తిరిగేసరికి ఆయన బండి చప్పుడు వినిపిస్తే చాలు, ముసలమ్మలు కూడా కడవల మీద గాజులు తగిలించేవారు. ఎన్నాళ్ళుగానో ఆయన మాటలు వింటూ ఊరుకున్న ఊరికి ఒక్కసారిగా నోరు వచ్చింది, అదీ ఒక్క మాటైనా పలకకుండా.

ఆ పిల్ల బడికి రావడం మానేసింది.

మధ్యాహ్న భోజనాల వేళ వాళ్ళమ్మ వచ్చింది. గేటు లోపలికి రాలేదు. నేనే బయటికి వెళ్ళాను.

"టీచరమ్మా, ఆయన కొట్టనేదు, తిట్టనేదు. అన్నం కాడ కూకుని సదువు సాల్లే అన్నాడు. అంతే."

"మీరేమన్నారు?"

"నానేటంతాను?"

"అనాలి కదమ్మా! మీ పిల్ల చదువు. రేపు పది పరీక్షలు పెట్టుకుని సాల్లే అంటే సరిపోతుందా?" నా గొంతు లేచింది. అది నా చేతిలో లేదు.

ఆవిడ నా వైపు చూసి చాలా నెమ్మదిగా అంది: "మీరు సాయంత్రం బస్సెక్కి పలాస ఎళ్ళిపోతారు. నాను ఆ ఇంటికే ఎళ్ళాల."

ఆవిడ వెనక్కి తిరిగి నడిచింది.

మా హెడ్మాస్టరు దగ్గరికి వెళ్ళాను. "మనకెందుకు మేడం, ఊరి విషయం" అన్నాడు. మన బడి పిల్లండీ అన్నాను. "బడిలో ఉన్నప్పుడు మన పిల్లే" అన్నాడు. ఇలాంటి మనిషితో వాదించడం ఇసుకలో నీళ్ళు పోయడమే. అయినా భోజనం మానుకుని వాదించాను. చివరికి ఒంటరిగా ఆ ఇంటికి వెళ్ళాను.

పెదనాన్న నన్ను మర్యాదగా కూర్చోబెట్టాడు. తోటలోంచి దింపించిన బొండం కొట్టించి ఇచ్చాడు. ఆయన్ని రాక్షసుడిగా చూపించడం నాకు సులువే, నాలిక్కి ఆ పదును ఉంది. కానీ జరిగింది చెప్పాలి. తమ్ముడు మంచంలో ఉన్న రోజుల్లో డయాలసిస్‌కి పలాస తీసుకెళ్ళింది ఈయనే, బండి వెనక కూర్చోబెట్టుకుని పడిపోకుండా తన నడుముకి తువ్వాలుతో కట్టుకుని. ఆ తల్లీకూతుళ్ళకి అన్నం పెడుతున్నదీ ఈయనే.

"నాను దానికి ఏటి తక్కువ సేసినానమ్మా?" అన్నాడు. "బయటోడు అంటే పడతాను. రాజకీయం అన్నాక పడాల. నా ఇంట్ల నా టీ గ్లాసులు పట్టుకుని నన్నంటాదా?"

"చిన్నపిల్లండీ. నేనిచ్చిన హోంవర్కు."

"అదే అంతన్నాను. పెద్దోలని అనడం కూడా మీ ఇంగిలీసుల ఒక పాటమేటి? మా ఇంట్ల సామెత పెద్దోలు సెప్తే సిన్నోలు ఇంతారు. సిన్నోలు సెప్తే దాన్ని సామెత అనరు, పొగరు అంతారు."

నేను వాదించాను. సామెతకు వయసేమిటన్నాను. నిజం చిన్నవాళ్ళ నోట వస్తే నిజం కాకుండా పోతుందా అన్నాను. అన్నాక చూస్తే ఆయన ముఖం నల్లబడింది. అంటే అది నిజమని నేనే ముద్ర వేసినట్టయింది. నా జీవితంలో చాలా వాదనలు ఇలాగే గెలిచాను.

చాలాసేపటికి ఆయన ఒక షరతు పెట్టాడు. "సరే. వచ్చే ఆదివారం, అదే అరుగు మీద, ఆ టెక్కలోలనే పిలుత్తాను. ఊరోలని కూడా పిలుత్తాను. ఇది ఇంగిలీసుల ఇంకోటి సెప్పాల. నా గురించి మంచిది. అర్దం కూడా సెప్పాల. సెప్తే సోమవారం బడికి పంపుతాను. టెక్కలి కూడా పంపుతాను. నా మాట మాటే."

మెచ్చుకునే సామెత! మీరెప్పుడైనా వెతికారా? సామెత పుట్టిందే గిల్లడానికి. ఆ అరుగు మీద కూర్చుని నాకు తెలిసిన ఇంగ్లీషు సామెతలన్నీ ఒక్కొక్కటీ అప్పజెప్పి తెలుగులో అర్థం చెప్పాను, చీరల కొట్లో గుమాస్తా చీరలు పరిచినట్టు. ఆయన ఒకటి తీసి అవతల పడేశాడు, ఇంకోటి ముట్టుకోలేదు. "ఎ ఫ్రెండ్ ఇన్ నీడ్ ఈజ్ ఎ ఫ్రెండ్ ఇన్‌డీడ్" దగ్గర ఆగాడు. ఆపదలో ఆదుకున్నవాడే అసలైన చుట్టం అని చెప్పాను.

"అదీ! అది బాగున్నాది. అది నేర్పండి" అన్నాడు. కళ్ళు కొంచెం చెమర్చాయి. తమ్ముణ్ణి తలుచుకున్నాడేమో.

వెనక వాటాలోకి వెళ్ళి ఆ పిల్లకి చెప్పాను. అది గోడకు ఆనుకుని కొబ్బరి ఈనెలు చీరుతోంది. "అనేసి వచ్చెయ్. నీ చదువు నీకుంటుంది" అన్నాను.

"అర్దం అడుగుతారు కదండీ?"

"అడుగుతారు. చెప్పు. అందులో అబద్ధం ఏముంది? మీ నాన్నని చూసుకున్నాడు కదా?"

"చూసుకున్నాడండి" అంది. ఇంకో ఈనె చీరి, "కానీ చోటు అది కాదు కదండీ" అంది. నేను బోర్డు మీద రాసిన మాట నాకే తిరిగొచ్చింది. విననట్టు లేచి వచ్చేశాను.

ఆదివారం నేను కూడా వెళ్ళాను. అరుగు నిండిపోయింది, వాకిలి నిండిపోయింది. టెక్కలి వాళ్ళు ప్లాస్టిక్ కుర్చీల్లో, ఊరివాళ్ళు నిలబడి. ఆడవాళ్ళు కొబ్బరిచెట్ల నీడలో. ఆ పిల్ల కొత్త ఓణీ వేసుకుంది, రెండు జడలూ బిగించి అల్లారు. వాళ్ళమ్మ వంటగది గుమ్మంలో కనబడీ కనబడకుండా ఉంది.

"ఒలే, సెప్పు" అన్నాడు పెదనాన్న. గొంతులో ఏదో బెరుకు.

పిల్ల చెప్పింది. ఒక్క తప్పు లేకుండా, స్పష్టంగా. తరవాత ఎవరూ అడక్కుండానే తెలుగు కూడా చెప్పింది: "ఆపదల ఆదుకున్నోడే అసలైన సుట్టమండీ."

పెదనాన్న నవ్వు మొదలుపెట్టాడు. నేను ఊపిరి వదిలాను.

వెనకనుంచి ఒక ముసలాయన గొంతు వినిపించింది. "నిజమేనర్రా. తుపానప్పుడు ఈ పెద్దమనిషి ఎక్కడున్నాడో గుర్తున్నాదా?"

అంతే. కొన్నేళ్ళ కిందట తుఫాను ఈ తోటలన్నిటినీ నేలమట్టం చేసినప్పుడు పెదనాన్న ఇంటిల్లిపాదినీ తీసుకుని విశాఖపట్నంలో చుట్టాలింట్లో ఉన్నాడు. రోడ్ల మీద పడ్డ చెట్లు ఊరివాళ్ళే నరుక్కున్నారు. దారులు తెరుచుకున్నాక ఆయన కారులో దిగి, కూలిన కొబ్బరిచెట్టు పక్కన నిలబడి ఫొటో తీయించుకున్నాడు. ఇది ఊళ్ళో అందరికీ తెలుసు. నాకు తెలియదు. నేను సాయంత్రం బస్సెక్కి పలాస వెళ్ళిపోయే మనిషిని కదా.

మొదటిసారి నవ్వింది టెక్కలి వాళ్ళే. ఈసారి ఊరు నవ్వింది. ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వారు. "ఒలమ్మో, బలే తగిలించినాదిరా గుంట!" అని ఎవరో అన్నారు. పిల్ల బిత్తరపోయి చుట్టూ చూసింది. "నేదండీ, నాను అలగ అననేదండీ" అంది. ఆ మాటకి ఇంకా నవ్వారు. ఒకసారి నిజం చెప్పిన నోటిని ఊరు ఇక వదలదు. అది పొగిడినా తిట్టినట్టే వినబడుతుంది. పొగడమని పిలిచింది ఆయన, సామెత ఏరుకున్నదీ ఆయన, పక్కన నిలబడి సాక్ష్యం చెప్పాల్సింది నేను. నేను అరుగెక్కి అరిచాను: "ఈ సామెత ఆయనే ఎంచుకున్నాడు! పిల్లకేం సంబంధం?" అది విని వాళ్ళు కింద కూర్చుని మరీ నవ్వారు.

పెదనాన్న కుర్చీలోంచి లేచి, పిల్ల భుజం మీద చెయ్యివేసి, లోపలికి తీసుకెళ్ళి తలుపు వేశాడు. మెల్లగానే వేశాడు.

వారంలోపే దాన్ని మందస వైపు మేనమామ ఊరికి పంపేశారు. నేను మళ్ళీ వెళ్ళాను. వాకిట్లోనే ఆపేశారు. ఈసారి బొండం లేదు. "ఆలు ఆల ఊరు ఎళ్ళిపోనారు" అని పనివాడు చెప్పాడు. హెడ్మాస్టరుతో మళ్ళీ దెబ్బలాడాను. ఆఫీసుల్లో ఎవరెవరితోనో ఫోన్లో దెబ్బలాడాను. పిల్లని కొట్టలేదు, పెళ్ళి చేయలేదు, చుట్టాలింట్లో ఉంది, మేమేం చేస్తాం అన్నారు. పదో తరగతి పరీక్షలు మొదలైన రోజు మా పిల్లలు రాసే సెంటరు గేటు దగ్గర నిలబడ్డాను. గంట కొట్టారు, గేటు మూశారు. ఆ పిల్ల రాలేదు. ఎదురుగా పనసచెట్టు కింద మా మిగతా పిల్లల తల్లులు కూర్చుని ఉన్నారు. వాళ్ళు నాకు చోటిచ్చారు. కూర్చోలేదు.

ఆ ఏడు మా బడిలో ఇంగ్లీషు ఫలితాలు బాగా వచ్చాయి. సామెతలన్నీ గైడు ప్రకారం దించారట. హెడ్మాస్టరు స్వీట్లు పంచాడు.

ఇప్పుడు నేను సామెతల పాఠం అరగంటలో ముగిస్తాను. ఎడమవైపుది చదువుతాను, కుడివైపుది చదువుతాను, రాసుకోండి అంటాను. ‘ఎంప్టీ వెసల్స్’ దగ్గర ‘నిండుకుండ తొణకదు’ అనే చెబుతాను. రెండూ ఒకటేనా మేడం అని ఎవరూ అడగరు. ఎవరైనా అడుగుతారేమోనని ప్రతి ఏడూ భయపడతాను, అడగనందుకు ఇంటికొచ్చి అన్నం సయించక పడుకుంటాను. మధ్యాహ్న భోజనం వండే ఆమె మాత్రం అప్పుడప్పుడు నవ్వుతూ అంటుంది: "ఏటి టీచరమ్మా, బిందెలు అడగడం మానేసినారు?" ఆవిడ కడుగుతున్న గిన్నెల చప్పుడుకి నాకు వినబడలేదన్నట్టు వచ్చేస్తాను.

మొన్న వేసవిలో ఒక శుభకార్యానికి మందస వెళ్ళి పలాస బస్సెక్కాను. మధ్య సీట్లో ఆ పిల్ల కూర్చుని ఉంది. ముందు పోల్చుకోలేదు. జడ ఒకటే ఉంది, బిగించి ఉంది. ఒళ్ళో పనసకాయ పెట్టిన సంచి. పక్కన మేనమామ భార్య. నన్ను చూసి ఆ పిల్ల లేవబోయి, సంచి బరువుకి మళ్ళీ కూర్చుంది.

"ఎవులే?" అంది అత్త.

"మా ఇంగిలీసు టీచరమ్మ, అత్తా."

"ఒలమ్మా, అలగేటి! బాగున్నారా అమ్మా? కూకోండి కూకోండి. మా కోడలు పిల్ల మీ కాడ సదివినాదేటి? మావోడికే అనుకుంతన్నాం, ఈడు రానీ." ఆవిడ మంచి మనిషిలా ఉంది. ముఖం విప్పారింది. బస్సంతా వినబడేలా అంది: "ఏదే, మీ టీచరమ్మ ముందర ఇంగిలీసుల ఒక ముక్క సెప్పు. ఇందాం."

ముందు సీట్ల వాళ్ళు తలలు తిప్పారు. కండక్టరు కూడా టిక్కెట్లు కొట్టడం ఆపి చూశాడు. ఏదైనా చెప్పవే, నీకిష్టమైనది చెప్పు, ఈ బస్సుని మోత మోగించు అని లోపల అనుకున్నాను.

ఆ పిల్ల కిటికీ వైపు చూసింది. "నాకేటీ రాదత్తా" అంది.

"రాదేటి? అన్నేళ్ళు సదివి ఒక్క ముక్క రాదేటి?" అత్త నా వైపు తిరిగింది. ఆ చూపులో ప్రశ్న నాకు బాగా తెలుసు. జీతాలు తీసుకుని ఏం చెబుతారమ్మా మీరు అన్న చూపు అది. ఆ చూపు చూసిన వాళ్ళని నేనెప్పుడూ ఊరికే వదల్లేదు.

పిల్ల చేతివేళ్ళు సంచి గుడ్డని గట్టిగా పట్టుకున్నాయి.

"అవునమ్మా" అన్నాను. "నేనే సరిగ్గా చెప్పలేకపోయాను."

అప్పుడు ఆ పిల్ల నా వైపు తిరిగి ఒక్కసారి చూసింది. కండక్టరు టిక్కెట్టు అడిగాడు. పలాస, అన్నాను.